రెండు పాయింట్ల వదులు

పేట చివరి చిన్నాసుపత్రిలో రోగులకి పడకలు చాలడం లేదు సరికదా, ఆసుపత్రే పడకేసేలా ఉంది. మహమ్మారి వచ్చాక అక్కడి నర్సుల్లో ఒకామెకి జ్వరం, ఇంకొకామెకి జ్వరమొచ్చిన మొగుడు, మరొకామె రాత్రీపగలూ పనిచేసి చేసి నిలబడ్డ చోటే కళ్ళు తిరిగి పడిపోయింది. డాక్టరుగారు ఒక్కరే. ఆయన్ని మూడు పేటలకి పంచారు కాబట్టి ఏ పేటకీ పూర్తిగా దక్కడం లేదు. మిగిలింది ఇద్దరు కుర్ర నర్సులూ, పెద్ద సిస్టరూ. ఆవిడకి 'పెద్ద' అన్నది హోదా ఒక్కటే కాదు, గొంతు కూడా. వరండాలో నిలబడి "తర్వాతెవరు?" అంటే వీధిలో సైకిలు మీద పోయేవాడు కూడా దిగి నిలబడేవాడు.

ఆ రోజు పొద్దున్నే పై ఆఫీసరు ఫోన్ చేశాడు. ఆయన పైన ఇంకో పై ఆఫీసరున్నాడు కాబట్టి నిజానికి ఈయన మధ్య ఆఫీసరే. కానీ కింద నుంచి చూసేవాళ్ళకి మధ్య కూడా పైనే కదా.

"సిస్టర్, ఇళ్ళల్లో ఉన్న పేషెంట్లని రోజూ వెళ్ళి చూసే స్టాఫ్ మీకు లేరు. వాళ్ళందర్నీ ఊరవతల స్టేడియంకి మార్చేద్దాం. బస్సులు పంపిస్తున్నాను."

పెద్ద సిస్టరు అంతకుముందే ఆ స్టేడియం చూసి వచ్చింది. మైదానం నిండా మంచాలు, మంచాల నిండా మనుషులు, ఆ మనుషులందరికీ గ్యాలరీకొక నర్సు. నీళ్ళు కావాలని చెయ్యెత్తిన ముసలాయన చెయ్యి దించేదాకా ఎవరూ రాలేదు.

"సార్, స్టేడియమంటేనే చూసేవాళ్ళు బోలెడుమంది ఉండాల్సిన చోటు. ఇప్పుడక్కడ చూసే దిక్కే లేదు. మా పేటవాళ్ళని మేమే చూసుకుంటాం."

"ఎవరితో చూస్తారు? మీ దగ్గర మనుషులేరీ?"

సిస్టరు కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురుగా మూసేసిన కొట్లు. వాటి ముందు అరుగుల మీద, పని లేక గోళ్ళు గిల్లుకుంటున్న కొట్లవాళ్ళు.

"ఎదురుగానే ఉన్నారు సార్" అంది.

ఆ కొట్లవాళ్ళకి పని నేర్పి ఇళ్ళకి పంపుతానని సిస్టరు చెప్పిందంతా ఆఫీసరు విన్నాడు. తర్వాత, "సరే. కానీ ఒక్క పొరపాటు జరిగినా బస్సులొస్తాయి" అని ఫోన్ పెట్టేశాడు.

అలా మొదలైంది.

"మాకేం వచ్చు సిస్టరమ్మా?" అన్నాడు బస్సు కండక్టరు. పేటలో ఆయన్ని రైట్‌రైట్ అంటారు. బస్సులు ఆగిపోయాక ఆయన చేతికి పని పోయింది గానీ నోటికి పోలేదు.

"కండక్టర్లోనే డాక్టరున్నాడు బాబాయ్. ముందున్నది తీసేసి కాస్త దీర్ఘమిచ్చుకో, చాలు."

"మా ఆవిడ నమ్మదు."

"ఆవిడకి జ్వరమొస్తే నమ్ముతుంది. చేతులు కడుక్కో పో. అలా కాదు, మోచేతి దాకా."

బ్యూటీ పార్లరు నడిపే ఆవిడ వచ్చింది. ఆవిడ అందరికీ పార్లరక్క. ఎంత చిరాకు మనిషినైనా కుర్చీలో కదలకుండా కూర్చోబెట్టడం ఆవిడకి పుట్టుకతో వచ్చిన విద్య. చివరికి టైలర్ మాస్టారు వచ్చాడు. సూదిలా సన్నటి మనిషి, దారంలా మెత్తటి మాట. ముప్ఫై ఏళ్ళుగా మెడలో టేపు దిగలేదు. ఆసుపత్రి గౌను వేసుకోవాలి, టేపు తీసెయ్యండి మాస్టారూ అంటే, మెడే తీసెయ్యమన్నట్టు చూశాడు. తీశాక కూడా గంటకోసారి చెయ్యి మెడ దగ్గరికి పోయి, ఖాళీగా తిరిగొచ్చేది.

ఆసుపత్రి వెనక వరండాలో సిస్టరు వాళ్ళకి పాఠం చెప్పింది. మాస్కు ముక్కు కింద ఉంటే అది మాస్కు కాదు, గడ్డానికి ఊయల అంది. గౌను వేసుకోవడం కన్నా విప్పడం కష్టం, బయటి వైపు ఒంటికి తగిలిందా, మళ్ళీ మొదట్నించీ స్నానం అంది. రైట్‌రైట్ ఆ ఒక్క విప్పుడు కోసమే మూడుసార్లు స్నానం చేసి, "ఉద్యోగంలో చేరాక ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేను" అని తువ్వాలుతో నిలబడ్డాడు. తర్వాత వేలికి పెట్టే చిన్న క్లిప్పు తీసి చూపించింది సిస్టరు.

"దీన్ని వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజనెంతో చెబుతుంది. తొంభై నాలుగూ ఆపైన ఉంటే సరే. ఒక్కటి తగ్గినా మీరేమీ ఆలోచించొద్దు. ఆలోచించడానికి నేనున్నాను. వెంటనే ఫోన్."

టైలర్ మాస్టారూ రైట్‌రైటూ ఒక జట్టు అయ్యారు. మాస్టారు లోపలికి వెళ్ళి క్లిప్పు పెట్టి అంకె పైకి చెబుతాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ రైట్‌రైట్ ఆ అంకెని ఫోన్లో ఆసుపత్రికి చేరేస్తాడు. అచ్చం టైలర్ కొట్టు పద్ధతే. అక్కడా అంతే, మాస్టారు టేపు పట్టి కొలత పైకి అంటే, పక్కనున్న మనిషి రాసుకుంటాడు.

"మాకిది చేతికలవాటైన పని సిస్టర్. తేడా రాదు" అన్నాడు మాస్టారు.

పని అందుకుంది. పార్లరక్క వెళ్ళిన ఇళ్ళల్లో మందులు వేసుకోనని మొరాయించే ముసలమ్మలు మందులతోపాటు తల కూడా దువ్వించుకున్నారు. రైట్‌రైట్ మెట్ల మీద నుంచే "లోపల ఖాళీ ఉందా?" అని కేకేస్తే, దగ్గుతున్నవాళ్ళు కూడా నవ్వేవారు. ఒకరిద్దరిని సమయానికి ఆసుపత్రికి తెచ్చి ఆక్సిజన్ మిషను పెట్టారు. వాళ్ళు తేరుకుని ఇళ్ళకెళ్ళారు. ఆఫీసరు రోజూ ఫోన్ చేసేవాడు, పొరపాటు కోసం ఎదురుచూస్తున్నట్టు. సిస్టరు రోజూ "ఏం లేదు సార్" అనేది, కాస్త గర్వంగా.

ఇంతలో సిస్టరు అత్తగారికి జ్వరం వచ్చింది.

సిస్టరు భర్త వేరే ఊళ్ళో ఉద్యోగంలో చిక్కుకుపోయాడు. ఇంట్లో ఉన్నది అత్తాకోడళ్ళు. కోడలు రాత్రి ఇంటికెళ్ళి అత్తగారిని చూసుకునేది, పగలు మిగతావాళ్ళలాగే ఆవిడ బాధ్యత కూడా జట్టుదే. అత్తగారు మామూలు మనిషి కాదు. తిట్టడం మొదలుపెడితే ఫుల్‌స్టాపు దొరక్క కామాలు అలిసిపోయేవి. రోజూ మధ్యాహ్నం రైట్‌రైట్ ఫోన్లోంచి ఆవిడ గొంతు ఆసుపత్రంతా వినబడేది.

"ఏమే కోడలా, పేటలో ఉన్న ప్రతి నోట్లోనూ థర్మామీటరు పెట్టేందుకు తీరికుంది గానీ, కట్టుకున్నవాడి తల్లి నోట్లో గుక్కెడు వేడినీళ్ళు పోసే తీరిక నీకు లేదు, ఈ సూదిమనిషినీ టికెట్లాయన్నీ నా మీదికి తోలావు, ఒకడు వేలు పట్టుకుంటాడు, ఒకడు గుమ్మంలో నిలబడి దిగేవాళ్ళెవరంటాడు, నేనెక్కడికి దిగుతానే?"

"అత్తయ్యా, ఊపిరి తీసుకోండి!"

"నువ్వు తీసుకోనిస్తేగా!"

కుర్ర నర్సులు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వేవారు. సిస్టరు మాత్రం ఆ తిట్లు విని హాయిగా పనిలో పడేది.

ఒక మధ్యాహ్నం రైట్‌రైట్ ఫోన్ చేశాడు. "మీ అత్తగారు తొంభై నాలుగు. సరిగ్గా గీత మీదే ఉన్నారు. రైట్ రైట్."

"ఒకసారి ఫోనివ్వు బాబాయ్."

ఫోన్లో కాసేపు గాలి చప్పుడు. తర్వాత అత్తగారి గొంతు. "ఏమే..."

"ఎలా ఉన్నారత్తయ్యా?"

"బానే... ఉన్నా." మళ్ళీ గాలి. "నువ్వు... తిన్నావా?"

సిస్టరు చేతిలో సిరంజి అలాగే ఉండిపోయింది. తిట్టలేదు. పైగా తిన్నావా అని అడిగింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో అత్తగారు రెండు మాటలకి మధ్య ఆగడం వినలేదు. అంకె బాగుందంటోంది. ఊపిరి బాగాలేదంటోంది. అంకెని నమ్మాలా, అత్తగారిని నమ్మాలా? ఆవిడకి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"బాబాయ్, మీరు అక్కడే ఉండండి. నేనొస్తున్నా." కుర్ర నర్సుకి సిరంజి అప్పగించి పరుగెత్తింది.

మెట్లెక్కి గుమ్మంలోకి వచ్చేసరికి మాస్టారు అత్తగారికి మళ్ళీ క్లిప్పు పెడుతున్నాడు. సిస్టరు చప్పుడు చెయ్యకుండా ఆయన భుజం మీదుగా చూసింది. చిన్న తెర మీద అంకె స్థిరపడింది. తొంభై.

"తొంభై రెండు" అన్నాడు మాస్టారు, గుమ్మం వైపు.

"తొంభై రెండు, తగ్గుతోంది, రైట్..." అన్న రైట్‌రైట్ వెనక్కి తిరిగి సిస్టరు మొహం చూసి రెండో రైట్ మింగేశాడు.

"మాస్టారూ, అక్కడేముంది? చదవండి."

"తొంభై అమ్మా."

"మరి తొంభై రెండన్నారేం?"

"రెండు వదులు కలిపి..."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ మాస్టారికి అదేమిటో తెలియలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన ఏ మనిషి ఛాతీనీ ఉన్నదున్నట్టు చెప్పలేదు. టేపు మీద ముప్ఫై ఆరుంటే నోరు ముప్ఫై ఎనిమిదంటుంది. ఆ రెండూ ఊపిరి తీసుకోవడానికి. ఆ రెండూ కలపకపోతే చొక్కా పిగులుతుంది. కన్ను చూస్తుంది, నోరు కలుపుతుంది, మధ్యలో బుద్ధికి పనే లేదు. పాఠం చెప్పినప్పుడు సిస్టరు వాళ్ళ వేళ్ళ మీద అంకెలు తనే చూసుకుంది గానీ, ఒక్కసారైనా వాళ్ళ నోటితో పైకి అనిపించలేదు. ఆ సంగతి ఆవిడకీ అప్పుడే తట్టింది.

"అయ్యో," అన్నాడు మాస్టారు. చెయ్యి మెడ దగ్గరికి పోయింది. టేపు లేదు. "అయ్యో సిస్టర్. అన్నిళ్ళలోనూ ఇలాగే అన్నాను."

సిస్టరుకి ఆయన్ని ఓదార్చే తీరిక లేదు. అత్తగారిని బోర్లా తిప్పింది, తల పక్కకి పెట్టింది, డాక్టరుగారికి ఫోన్ కలిపింది. రైట్‌రైట్ కుర్చీ పట్టుకొచ్చాడు. అత్తగారిని అందులో కూర్చోబెట్టి ముగ్గురూ మోసుకుంటూ ఆసుపత్రికి తెచ్చారు. ఆక్సిజన్ గొట్టం పెట్టాక అంకె మెల్లగా, బెట్టు చేస్తూ, పైకి కదిలింది. తొంభై రెండు. ఈసారి నిజంగానే.

"ఇప్పుడు పదండి" అంది సిస్టరు.

"ఎక్కడికి?"

"మీరు ఈ వారం వెళ్ళిన ప్రతి ఇంటికీ."

సాయంత్రం లోపల అన్నిళ్ళూ తిరిగారు. అన్ని చోట్లా అంకె సిస్టరే చూసింది. దాదాపు అందరూ క్షేమంగానే ఉన్నారు. ఒక పాల వ్యాపారి మాత్రం గీతకి కింద ఉన్నాడు. ఆయన్ని కూడా తీసుకొచ్చి అత్తగారి పక్క మంచంలో పడుకోబెట్టారు. ఆ తర్వాత సిస్టరు ఆఫీసరుకి తనే ఫోన్ చేసింది. ఈసారి "ఏం లేదు సార్" అనలేదు. జరిగింది జరిగినట్టు, ఒక్క పాయింటు కూడా వదులు లేకుండా చెప్పింది.

మర్నాడు పొద్దున ఆఫీసరు స్వయంగా వచ్చాడు. మాస్కు మీద మాస్కు వేసుకున్నాడు. మాటలు అడుగునుంచి వస్తున్నట్టున్నాయి.

"పొరపాటు జరిగితే బస్సులొస్తాయని చెప్పానా లేదా సిస్టర్? ఇది టైలర్లు చేసే పనా?"

"అందులో కుట్ర లేదు సార్. ఉన్నదల్లా కుట్టే."

"హాస్యమా? ఇద్దరి ప్రాణాల మీదికొచ్చింది. మీ అత్తగారే రాతపూర్వకంగా ఫిర్యాదిస్తే మిమ్మల్ని కాపాడేవాళ్ళుండరు."

"అడగండి సార్. పక్కనే ఉన్నారు."

అత్తగారు గొంతు పెగల్చుకుని మాస్కు కింద నుంచి, "బస్సా? నేనెక్కను" అంది. అంతే. మిగతాది అనడానికి ఊపిరి లేదు, కళ్ళతో అంది.

సిస్టరు గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గించిందంటే ఎదుటివాళ్ళు జాగ్రత్తపడాలి.

"సార్, తప్పు జరిగింది. నేర్పిన మనిషిని నేను కాబట్టి అందులో నా వాటా కూడా ఉంది. సరిదిద్దుకున్నాం. నిన్నటి నుంచి మా మనుషులు అంకె చెప్పరు. ఇంట్లోవాళ్ళు చూసి పైకి చదవాలి, మావాళ్ళు కూడా చూసి సరేననాలి. రెండు జతల కళ్ళు. రోగి ఒక్క గుక్కలో పొడుగాటి వాక్యం ఒకటి చెప్పాలి, మధ్యలో ఆగితే అంకెతో పనిలేకుండా నాకు ఫోన్ రావాలి. ఇంకా నమ్మకం లేకపోతే ఒక నర్సునివ్వండి."

"నా దగ్గర నర్సుల్లేరు సిస్టర్! మీకు తెలుసు."

"లేని నర్సుని ఇవ్వలేరు. ఉన్న టైలర్ని తీసేస్తానంటారు. ఇక మా పేటకి మిగిలేదేంటి సార్, బస్సు టైర్లా?"

ఆఫీసరు బయటికి చూశాడు. తర్వాత వాచీ చూసుకున్నాడు. "ఒక్క ఇల్లు చూస్తాను. ఆ టైలరే చెయ్యాలి. నాకు నచ్చకపోతే మధ్యాహ్నానికి బస్సులు."

చిక్కేమిటంటే, ఆ టైలరు లేడు. కొట్టు తలుపు లోపల్నించి గొళ్ళెం పెట్టుకుని కూర్చున్నాడు. సిస్టరు వెళ్ళి తలుపు బాదింది.

"మాస్టారూ, తియ్యండి."

"నేను రాను సిస్టర్. మీ అత్తగారిని చంపబోయాను."

"నేను ఆవిడతో ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్నాను, నాకే సాధ్యం కాలేదు. మీ వల్లెక్కడవుతుంది? తియ్యండి."

లోపల చిన్నగా నవ్వో ఏడుపో తెలియని చప్పుడు. "ఈ నోరు మళ్ళీ కలిపితే?"

"కలుపుతుంది. మీకు తెలుసు కాబట్టి పట్టుకుంటారు. తనకి తెలియనివాడే నాకు భయం. వదులు వేసినంత మాత్రాన మిమ్మల్ని వదులుకోను మాస్టారూ. నా దగ్గర మనుషులు లేరు. ఉన్నవాళ్ళతోనే ఈ పేట గట్టెక్కాలి. రెండు నిమిషాల్లో గౌను వేసుకుని రండి."

గొళ్ళెం తీసిన చప్పుడైంది.

వెళ్ళింది ఆ పొద్దున్నే కొత్తగా జ్వరమని కబురొచ్చిన, మూడో అంతస్తులోని ఒక ప్రెస్సు మెకానిక్ ఇంటికి. మనిషి మంచం మీద గోడకానుకుని కూర్చున్నాడు, భార్య పక్కన నిలబడింది. ఆఫీసరూ సిస్టరూ గుమ్మం దగ్గర ఆగారు. మాస్టారు క్లిప్పు తగిలించి, తెర ఆవిడ వైపు తిప్పాడు.

"చదవండమ్మా."

ఆవిడ తెర వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. గుమ్మంలో ఉన్న కొత్త మనిషినీ, ఆయన మెడలోని ఆఫీసు కార్డునీ చూసింది.

"తొంభై ఐదు" అంది, గబగబా.

ఆఫీసరు తల ఊపి కాగితం మీద పెన్ను పెట్టాడు. రైట్‌రైట్ ఫోనెత్తాడు. మాస్టారు మాత్రం కదలలేదు. ఆవిడ మొహాన్నే చూస్తున్నాడు. తెర తన వైపు తిప్పి చూడాల్సింది ఇప్పుడు ఆయనే, కానీ చూడకముందే ఆయనకి తెలిసిపోయినట్టుంది.

"అమ్మా, కలిపారు మీరు" అన్నాడు నెమ్మదిగా.

"లేదు! ఉన్నదే చెప్పాను!"

"కోప్పడటం లేదమ్మా. నిన్న నేనూ కలిపాను. ఒక పెద్దావిడకి రెండు కలిపాను, ఆవిడిప్పుడు గొట్టం పెట్టుకుని పడుకుంది." తెర తన వైపు తిప్పుకున్నాడు. ఒకసారి నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. ఒక్కో అక్షరం సూదిలో దారం ఎక్కించినట్టు పలికాడు. "తొంభై ఒకటి."

ఆవిడ మంచం పట్టీ మీద కూలబడింది. "చెప్తే స్టేడియంకి తీసుకుపోతారంట కదా. మా పక్కింటాయన్ని అలాగే తీసుకెళ్ళారు. ఆయన ఎలా ఉన్నాడో అడిగితే చెప్పేవాళ్ళే లేరు."

"స్టేడియం కాదమ్మా. మన వీధి చివరి ఆసుపత్రే. పొద్దునా సాయంత్రం కిటికీ దగ్గరికొచ్చి ఆయనతో మాట్లాడుకోవచ్చు." మాస్టారు మంచం మీది మనిషి వైపు తిరిగాడు. "ఏం సార్, మీరెక్కడ పనిచేస్తారో ఒక్క గుక్కలో చెప్పండి."

"ప్రెస్సులో... మిషన్ల... దగ్గర..." అని ఆగిపోయాడాయన.

"చాలు" అంది సిస్టరు. "కుర్చీ తెండి."

రైట్‌రైట్ వంటగదిలోంచి గట్టి కుర్చీ తెచ్చాడు. మెకానిక్‌ని కూర్చోబెట్టి దుప్పటితో నడుం చుట్టూ కట్టారు. మెకానిక్ భారీ మనిషి, మెట్లేమో ఇరుకు. మాస్టారు ముందు కాళ్ళలో ఒకటి పట్టుకున్నాడు, సిస్టరు రెండోది. వెనక వైపు రైట్‌రైట్ ఒక్కడే. ఒక కాలు మిగిలింది.

ఆఫీసరు ఆ కాలు వైపు చూశాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు, కాగితం మడిచాడు.

"ఎక్కడ పట్టుకోవాలి?"

"కిందకంటా పట్టుకోండి సార్" అన్నాడు రైట్‌రైట్. "నడుం మీద బరువు పడకుండా మోకాళ్ళు వంచండి. లేపుతున్నాం. రైట్!"

రెండో అంతస్తు మలుపు దగ్గర కాసేపు దించారు. ఆఫీసరు గోడకి చెయ్యి ఆనించి రొప్పుతున్నాడు.

"పక్క పేటలో కూడా... నర్సులు లేరు సిస్టర్."

"మనుషులున్నారా?"

"ఉన్నారు. బేకరీ వాళ్ళు, పెయింటర్లు, ఎవరో ఒకరు."

"రేపు పొద్దున పంపించండి, నేర్పిస్తాను. బేకరీ వాళ్ళకి మాత్రం ముందే చెప్పండి, అంకెలు పొంగించకూడదని." సిస్టరు మాస్కు సరిచేసుకుని కుర్చీ కాలు పట్టుకుంది. "లేవండి సార్, ఇంకా రెండంతస్తులున్నాయి."